ఐదు గంటలకు షహజాదీ బేగం వంటకాలు

ప్రతి సాయంత్రం ఐదు గంటలకు ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్లు నడిపే డ్రైవర్లందరికీ వాళ్ళ వాకీటాకీ సెట్లలో ఒక ఆడగొంతు వంటకాల పేర్లు చదివి వినిపించేది.

“బగారా. షేర్వా. సేమియా. ఫిర్ని. చేపల పులుసు. సెట్టు నంబరు పదిహేడు. మంచిగ వినవడ్తాందా?”

గనిలో ఒక పద్ధతి ఉంది. సెట్టులో ఎవరు ఏం చెప్పినా, విన్నవాడు ఆ మాటల్నే మళ్ళీ పలికి అప్పగించాలి. బ్లాస్టింగ్ టైమైనా, దారిలో బండి ఆగిపోయిందన్న కబురైనా అంతే. అందుకని డంపరు నిండా మట్టి వేసుకుని ఎత్తు ఎక్కుతున్న డ్రైవరు కూడా చాలా గంభీరంగా, “బగారా, షేర్వా, సేమియా, ఫిర్ని, చేపల పులుసు. పదిహేడు మంచిగున్నది” అని తిరిగి చదివేవాడు. ఆ తర్వాత ఉండబట్టలేక, “అక్కా, ఆకలైతాంది” అనేవాడు.

ఆ అక్క ఎవరో వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. క్యాంటీన్‌లో వంట చేసే ఆమె అని కొందరు, హైదరాబాద్‌లో కూర్చున్న మేడమ్ అని కొందరు అనుకునేవారు. మనిషే కాదు, కంప్యూటరు మాట్లాడుతోందని ఒకాయన అంటే, సంపత్ అనే డ్రైవరు, “కంప్యూటరుకు దగ్గు వస్తదా కాకా? మొన్న చేపల పులుసు కాడ దగ్గింది” అని సెట్టులోనే వాదించడం నేను విన్నాను.

ఆ గొంతు షహజాదీ బేగంది. నేను చాచీ అంటాను. గోదావరిఖనిలో మాదీ వాళ్ళదీ ఒకే సందు. వాళ్ళ ఇంటి ముందు గదిలో సగం ఆమె భర్త గులాం అలీ చాచా రిపేరు షాపు, మిగతా సగంలో నా కుట్టుమిషను. పదో తరగతి మధ్యలో బడి మానేసినప్పటి నుంచి అక్కడే చీరలకు ఫాల్స్ కుడుతున్నాను. నేను ఎక్కువగా మాట్లాడను కాబట్టి నా ముందు అందరూ అన్నీ మాట్లాడుకుంటారు. మిషను తొక్కుతూ ఉంటే మనిషి అక్కడ ఉన్నట్టే లెక్క కాదు.

చాచీ పుట్టింది మంచిర్యాలలో. వాళ్ళ నాన్న పెళ్ళిళ్ళకు మైకుసెట్టు పెట్టేవాడు. హారన్లు కట్టడం అయిపోగానే ఎనిమిదేళ్ళ షహజాదీని సందు చివరకు పరుగెత్తమనేవాడు. అక్కడ నిలబడి ఆమె చెయ్యి పైకెత్తితే మాట తెలుస్తోందని గుర్తు. చెయ్యి నెత్తిన పెట్టుకుంటే చప్పుడే తప్ప మాట తెలియడం లేదని గుర్తు. “పాట ఎట్లైనా వినవడ్తది, మాట వినవడ్తాందా చూడు బేటీ” అనేవాడట. పెళ్ళివాళ్ళు వంటల దగ్గర ఉంటే, ఈ పిల్ల సందు చివర చెయ్యి ఎత్తుతూ దించుతూ ఉండేది. చాచీ ఇప్పటికీ ఆ కథ చెబుతున్నప్పుడు చెయ్యి ఎత్తి చూపిస్తుంది. ఆ చేతిలో అప్పుడు అట్లకాడ ఉంటే అదీ పైకి లేస్తుంది.

గులాం అలీ చాచా పెళ్ళినాటికే గనుల్లో పెద్ద కంప్రెసర్ మిషను పక్కన పని చేస్తున్నాడు. పన్నెండేళ్ళు చేశాడు. ఆ పన్నెండేళ్ళలో ఆయన చెవుల్లో లావు చప్పుళ్ళు మిగిలాయి, సన్నవి పోయాయి. స, ష, ఫ లాంటి అక్షరాలు ఆయనకు అందవు. కట్టుకున్న భార్యను పేరు పెట్టి పిలిస్తే మొదటి అక్షరం ఆయనకే వినిపించదు. చేతులు మాత్రం బంగారం. గోరంత ముక్కను కూడా ఊపిరి బిగబట్టి అతికిస్తాడు. అందుకే వాకీటాకీల రిపేరు షాపు పెట్టాడు. పెట్టిన నెలకే తెలిసింది, అతికించడానికి చేతులు చాలుగానీ, రోగం తెలియాలంటే చెవులు కావాలని.

చెవులు చాచీవి. ఈ సంగతి బయట ఎవరికీ తెలియదు. పద్దెనిమిదేళ్ళుగా షాపు ఎలా నడిచిందంటే, కొట్టుకూ వంటగదికీ మధ్య పచ్చ పూల పరదా ఒకటి. ఎవరైనా సూపర్‌వైజరు సెట్టు తెస్తాడు. చాచా దాని బటను నొక్కి రెండు మాటలు మాట్లాడి, చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. పరదా వెనక చాచీ ఇంకో సెట్టు దగ్గర పెట్టుకుని వింటుంది. చపాతీ కర్రతో పీట మీద కొడుతుంది. ఒక దెబ్బ కొడితే స్పీకరు. రెండు కొడితే మైకు. మూడు బ్యాటరీ, నాలుగు ఏరియల్. చెక్క మీద లావు చప్పుడు కాబట్టి చాచాకు బాగా అందుతుంది. కళ్ళు తెరిచి, నెమ్మదిగా, “మైకు” అంటాడు. విప్పి చూస్తే మైకే. ఆ సూపర్‌వైజరు బయటికి వెళ్ళి, గులాం అలీ చెవి పెట్టాడంటే ఎక్స్‌రే తీసినట్టేనని పది మందికి చెబుతాడు. లోపల ఎప్పుడూ రొట్టెలే చేస్తారు వీళ్ళు అని మాత్రం అనుకుంటాడేమో.

ఐదు దెబ్బలు కొడితే చాయ్ అయ్యింది, లోపలికి రమ్మని.

బాగు చేసిన సెట్టును గని కంపెనీ చానల్‌లో పెట్టి పరీక్షించడానికి రోజూ ఐదింటికి అరగంట అనుమతి ఉండేది. కంపెనీ అంటే బొగ్గు మీది మట్టిని తీసే కాంట్రాక్టు కంపెనీ. ఆ అరగంట చాచీది. వన్, టూ, త్రీ అని ఎందుకు అనవని ఒకసారి అడిగాను.

“వన్ టూ త్రీ పాడైన సెట్టు గూడ మంచిగనే చెప్తది బేటీ. షేర్వా అనిపియ్యి, అప్పుడు దాని సంగతి బయటవడ్తది” అంది.

నిజమే. బగారా అన్నప్పుడు స్పీకరు కాగితం చినిగి ఉంటే బర్రుమంటుంది. మైకు చిల్లుల్లో బొగ్గు దుమ్ము పేరుకుంటే సేమియాలో సే పోతుంది. ఫిర్ని అన్నప్పుడు గాలి కొడితే మైకు వదులైనట్టు. చేపల పులుసు ఎందుకని అడిగితే, “అది నాకిష్టం” అంది.

ఇక స్కానర్ సంగతి. చాచీ కొడుకు తాబిష్‌కు రేడియోల పిచ్చి. పరీక్ష రాసి, సరదాకు రేడియోలో మాట్లాడుకునేవాళ్ళకు ఇచ్చే హ్యామ్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నాడు. మంచిర్యాలలో ఉద్యోగం వచ్చాక తన స్కానర్‌ను ఇంట్లో వదిలి వెళ్ళాడు. అది వినడానికే తప్ప మాట్లాడటానికి పనికిరాదు. ఏ చానల్‌లో ఎవరు మాట్లాడుతున్నారో వెతుక్కుంటూ పోయి పట్టుకుంటుంది. సరదాకు కొనుక్కునే వస్తువు. చాచీ దాన్ని వంటగదిలో పప్పు డబ్బాల పక్కన పెట్టుకుంది. దాని స్వరం ఎంత కమ్మగా ఉంటుందో. డ్రైవరు గొంతుతో పాటు అతని క్యాబిన్‌లో తిరిగే ఫ్యాను చప్పుడు కూడా వచ్చి మన పక్కన కూర్చుంటుంది. గనిలో వాడే అసలు సెట్టు అలా కాదు. అది గొంతు లావంతా కోసేసి, నడుమ ముక్క మాత్రమే వినిపిస్తుంది. అందులో ఎవరు మాట్లాడినా జలుబు చేసినట్టే ఉంటుంది.

ఒకరోజు రెండూ పక్కపక్కన మోగుతుండగా కుక్కర్ విజిల్ వేసింది. స్కానర్‌లో మాట మాయమైంది. సెట్టులో మాట మాత్రం విజిల్‌ను తోసుకుంటూ వచ్చింది. చాచీ నవ్వింది. “సూసినవా శోభా. గీ స్కానర్ ఖాళీ ఇంట్ల మాట్లాడేటందుకు మంచిగుంటది. గా సెట్టును లొల్లిల మాట్లాడేటందుకు చేసిండ్రు. దాని ముక్కే దానికి బలం.”

ఆ ముక్కు మీదికే గొడవ వచ్చింది.

కంపెనీకి కొత్త ఇన్‌చార్జి వచ్చాడు. పేరు వీరేందర్. రామగిరి వైపు, గని అంచున వాళ్ళ ఆఫీసు. ఏసీ గదిలో ఆయన బల్ల మీద కూడా ఒక స్కానర్ ఉంది. దానికి తోడు బడ్డీకొట్టంత స్పీకరు పెట్టె. పొద్దంతా తలుపు మూసుకుని అందులోనే డ్రైవర్ల మాటలు వినేవాడు. ఒకరోజు బయటికి వచ్చి అసలు సెట్టు చెవి దగ్గర పెట్టుకుని ముఖం చిట్లించాడట. గులాం అలీకి కబురు చేశాడు. చాచా వెళ్ళి వచ్చి, షాపులో చెప్పులు విప్పకుండానే కూర్చున్నాడు.

“ఏమైందజీ?” అని చాచీ పరదా పక్కకు జరిపింది.

“మన సెట్లన్ని ముక్కుతోని మాట్లాడుతున్నయట. రిపేరు చేసి చేసి నేనే ఖరాబ్ జేసిననట. ఆయన స్కానర్‌ల గంట కొట్టినట్టు వినవడ్తదట.”

“నువ్వేమన్నవ్?”

“ఏమంట? ఆయన మాటలల్ల సగం నాకు వినవడలే.”

నేను దారం కొరుకుతున్నట్టు తల వంచుకున్నాను, నవ్వు కనబడకుండా. కానీ చాచా చెప్పిన తర్వాతి మాటకు నవ్వు ఆగిపోయింది. గురువారం పదింటికి ఆఫీసుకు రమ్మన్నాడు. బల్ల మీద సెట్లు పెడతారు. వాటి లోపాలు ఒక కాగితం మీద రాసి సారు దగ్గర ఉంటాయి. అంత గొప్ప చెవి అంటున్నారు కదా, చాచా విని చెప్పాలి. చెబితే రిపేరు పని మనకే ఉంటుంది. చెప్పలేకపోతే హైదరాబాద్ వాళ్ళకు ఇచ్చేస్తారు. ఐదింటి పరీక్ష కూడా బంద్.

చాచీ పీట మీద చెయ్యి పెట్టింది. “పని ఇంకొకటి దొరుకుతది. ఐదింటికి నేనేం జెయ్యాలె?” అంది.

ఆ మాట ఆమె చాచాతో కాకుండా పీటతో అన్నట్టు అంది. పద్దెనిమిదేళ్ళలో ఆమె గనికి వెళ్ళింది లేదు, ఏ డంపరూ దగ్గర నుంచి చూసింది లేదు. కానీ అక్కడ నలభై మంది ఆమెకు తెలుసు. ఎవరి గొంతు జ్వరంతో ఉందో, ఎవరు కొత్తగా తండ్రి అయ్యారో తెలుసు. రోజులో ఆ అరగంటే ఆమె బయట తిరిగే టైము.

బుధవారం ఇద్దరూ కలిసి ఒక ఉపాయం కనిపెట్టారు. చాచా చెవిలో చిన్న ఇయర్‌ఫోను పెట్టుకుని వెళ్ళాలి. చాచీ ఇంట్లో స్కానర్‌లో వినాలి. విని, వేరే చానల్‌లో సెట్టు ముందు పీట మీద కొట్టాలి. ఆ దెబ్బలు చాచా చెవిలో పడతాయి. ఇద్దరికీ ఎంత సంతోషమంటే, చాచా వంటగదిలోకీ సందు చివరికీ నాలుగుసార్లు తిరిగి రిహార్సల్ చేశాడు. సందులో వాళ్ళు ఆయనకు ఏమైందని నన్ను అడిగారు. నేను మిషను తొక్కాను.

రాత్రి అన్నం వేళకు చాచీ చెంచా ఆపేసింది. “స్పీకరు పాడైతే ఎట్ల?” అంది. “నువ్వు మాట్లాడితే నీ మైకు సంగతి నా స్కానర్‌ల తెలుస్తది. కాని నీ చేతుల ఉన్న సెట్టు స్పీకరు బర్రుమంటే ఆడనే బర్రుమంటది. గా బర్రు గాలిల ఎగిరి నా పప్పు డబ్బాల కాడికి రాదు గద.”

చాచా నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. “మరి?”

“మరేముంది? నేను వస్త. టిఫిన్ తెచ్చిన పెండ్లాం లెక్క కూసుంట. శోభా, నువ్వు గూడ రా. ఇద్దరముంటె ఎవరు అడగరు.”

గురువారం ఆటోలో వెళ్ళాం. చాచీ ఒళ్ళో టిఫిన్ డబ్బా, దాని పక్కన ఆమె చెయ్యి. ఆ చేతివేళ్ళు దారంతా డబ్బా మీద ఒకటీ, రెండూ, మూడూ అంటూ సాధన చేస్తూనే ఉన్నాయి. ఐదు వచ్చినప్పుడల్లా ముందు సీటులో డ్రైవరు పక్కన కూర్చున్న చాచా వెనక్కి తిరిగి చూసేవాడు.

ఆఫీసులో గుమ్మం పక్కన చెక్క బెంచీ ఉంది. మేమిద్దరం దాని మీద కూర్చున్నాం. ఎదురుగా వీరేందర్ సారు, బల్ల మీద వరసగా సెట్లు, ఆయన స్కానర్, పెద్ద స్పీకరు పెట్టె. పక్క బల్ల దగ్గర భూపాల్ అనే గుమాస్తా ట్రిప్పు చిట్టీల కట్టలు పేర్చుకుంటున్నాడు. బయట రోడ్డు మీద సంపత్ ఒక మంచి సెట్టు పట్టుకుని నిలబడ్డాడు. చాచా ఇక్కడి సెట్టులో మాట్లాడితే అది స్కానర్‌లో వినిపిస్తుంది. సంపత్ తిరిగి చెబితే చేతిలోని సెట్టులో వినిపిస్తుంది.

“మొదలువెట్టుండ్రి గులాం అలీ గారూ” అన్నాడు సారు.

మొదటి సెట్టులో సంపత్ గొంతు బర్రుమంది. చాచా కళ్ళు మూసుకున్నాడు. నా పక్కన చాచీ వేళ్ళు ముడిచి బెంచీ మీద ఒక దెబ్బ కొట్టింది.

“స్పీకరు” అన్నాడు చాచా.

సారు కాగితం చూసుకున్నాడు. తల ఊపాడు.

రెండో సెట్టు. చాచా మాట స్కానర్‌లో మూగగా వచ్చింది. బెంచీ మీద రెండు దెబ్బలు.

“మైకు.”

సారు కనుబొమలు పైకి లేచాయి. చాచీ నా వైపు చూడకుండానే మోచేత్తో పొడిచింది.

మూడో సెట్టు. చాచా మాట్లాడాడు, సంపత్ బదులిచ్చాడు. రెండూ శుభ్రంగా ఉన్నాయి. చాచీ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే పక్క బల్ల దగ్గర భూపాల్ రబ్బరు స్టాంపు తీసి చిట్టీల మీద ముద్రలు వెయ్యడం మొదలుపెట్టాడు. చెక్క బల్ల మీద దబ్, దబ్, దబ్, దబ్.

“ఏరియల్” అన్నాడు చాచా, కళ్ళు మూసుకునే.

ఇంకో దబ్ పడింది.

చాచా కళ్ళు తెరిచి, కుర్చీలోంచి లేచి, చెప్పులు సర్దుకున్నాడు.

“ఎటు పోతున్నరు?” అన్నాడు సారు.

“చాయ్” అన్నాడు చాచా. అని, తాను ఎక్కడున్నాడో గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాడు. అయితే భూపాల్ ఆగలేదు. ఆయన ముందు రెండు వందల చిట్టీలు ఉన్నాయి. ఆరు, ఏడు, ఎనిమిది. ఎనిమిదికి వాళ్ళింట్లో అర్థమే లేదు. చాచా ముఖం మీద నేను ఆ దెబ్బలన్నీ ఒక్కొక్కటిగా చూశాను. తొమ్మిది దగ్గర ఆయన పెదాలు కదిలాయి, పదకొండు దగ్గర చెమట తుడుచుకున్నాడు. భూపాల్ కట్ట తిప్పుకోవడానికి ఆగిన క్షణంలో ఆ సెట్టును రెండు చేతులతో నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

“సార్, దీనికి అన్ని రోగాలున్నయి. ఇగ బతుకది.”

సారు కాగితం మడిచాడు. “అది నిన్న డబ్బా ఇప్పిన కొత్త సెట్టు.”

నేను చున్నీ కొంగు నోట్లో కుక్కుకున్నాను. పక్కన చాచీ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని భయపడి చూస్తే నవ్వుతోంది. కన్నీళ్ళు వచ్చేలా, చప్పుడు లేకుండా నవ్వుతోంది. అప్పుడు భూపాల్ ఇంకో కట్ట తీశాడు. చాచా ఉలిక్కిపడ్డాడు. దాంతో ఆమె లేచి నిలబడింది.

“ముద్ర జర ఆపు భయ్యా, మా ఆయన సచ్చిపోయేటట్టున్నడు” అంది.

భూపాల్ స్టాంపు పక్కన పెట్టాడు.

“సార్, ఆ కొత్తది మంచిగనే ఉన్నది. నాలుగో దాని బ్యాటరీ దిగిపోయింది. ఇందాక మీరు పక్కకు జరిపేటప్పుడు బీప్ అన్నది గద, గందుకే. ఆయనకు గంత సన్న చప్పుడు వినవడదు. వినేది నేను.”

సారు చాచా వైపు చూశాడు. చాచా తన చెప్పుల వైపు చూశాడు. ఆయన షాపు బోర్డు మీద స్పెషలిస్ట్ అని తన పేరు పక్కనే రాయించుకున్న మనిషి. తలెత్తాడు.

“నిజమే సార్. చేతులు నావి, చెవులు ఆమెవి. పద్దెనిమిదేండ్ల సంది గిట్లనే నడుస్తాంది.”

అని, కుర్చీ ఖాళీ చేసి ఆమెకు చూపించాడు. చాచీ కూర్చోలేదు. నిలబడే మిగతా సెట్లన్నీ విని చెప్పింది. ఒక సెట్టుకు కాగితంలో ఉన్న లోపం కాక ఇంకొకటి కూడా చెప్పింది. భూపాల్ వచ్చి మూత విప్పి చూశాడు. ఉంది.

వీరేందర్ సారు చెడ్డవాడు కాడు, పట్టుదల మనిషి. “సరే బేగం గారూ, లోపాలు మీకు తెలుసు, ఒప్పుకుంట. కాని కొత్త సెట్టు గూడ నా స్కానర్ ముందట ముక్కుతోనే మాట్లాడుతున్నది గద. ఇంత మంచి స్వరం ఇడిచిపెట్టి నా డ్రైవర్లు ఇది ఎందుకు వినాలె?” అన్నాడు.

“రెండు పట్టుకొని రోడ్డు మీదికి పోండ్రి సార్. నేను ఇక్కడికెళ్ళి మాట్లాడ్త.”

“నా పెట్టె లేకుంటె ఎట్ల సరిపోల్చుతం?”

“పెట్టె గూడ తీసుకపోండ్రి. భూపాల్ భయ్యా మోస్తడు. స్టాంపు ఇక్కడ వెట్టి పొమ్మనుండ్రి.”

మేం బయలుదేరుతుంటే చాచీ నా చెయ్యి పట్టుకుంది. “శోభా, కిటికీల కెళ్ళి నువ్వు నాకు కనవడాలె. యాదికున్నది గద?” అంది. నాకు గుర్తుంది. చెయ్యి పైకెత్తితే మాట, నెత్తిన పెట్టుకుంటే చప్పుడు.

డంపర్లు ఎక్కే దారి పక్కన, రాళ్ళు పేర్చిన గట్టు వెనక నిలబడ్డాం. ముందు సారు, ఒక చేతిలో స్కానర్, ఇంకో చేతిలో సెట్టు. ఆయన వెనక భూపాల్, నెత్తి మీద స్పీకరు పెట్టె. రెంటినీ కలుపుతూ ఒక వైరు. సారు ఎటు కదిలితే భూపాల్ అటే కదలాలి. ఊరేగింపులా ఉంది.

“బగారా” అంది చాచీ గొంతు.

దారి ఖాళీగా ఉంది. పెట్టెలోంచి ఆ మాట నెయ్యి వేసిన బగారాలాగే వచ్చింది. సారు నా వైపు చూసి నవ్వాడు. అంతలో మలుపు తిరిగి డంపరు వచ్చింది. నేల వణికింది. పెట్టెలోని లావు గొంతు డంపరు లావు గొంతులో కలిసిపోయి, చాచీ ఎక్కడుందో తెలియకుండా పోయింది. సారు స్కానర్ వాల్యూము పెంచాడు. పెట్టె గడగడలాడింది, దాని కింద భూపాల్ కూడా. నేను చెయ్యి నెత్తిన పెట్టుకున్నాను.

అప్పుడు ఆయన రెండో చేతిలోని సెట్టును చెవి దగ్గరికి తెచ్చాడు. చెవికి ఆనించకముందే, జానెడు దూరం నుంచే, మూడు మడతల జీన్స్ గుడ్డలో సూది దిగినట్టు దిగింది ఆ ముక్కు గొంతు.

“షేర్వా. సేమియా. ఫిర్ని. చేపల పులుసు. మంచిగ వినవడ్తాందా?”

నేను చెయ్యి పైకెత్తాను. దూరంగా కిటికీలో ఆమె చెయ్యి కూడా లేచింది.

చానల్‌లో డ్రైవర్లకు మతిపోయింది. “ఏందక్కా, ఐదు గప్పుడే అయ్యిందా?” “నా డ్యూటీ ఇప్పుడే మొదలైంది, దిగమంటవా?” ఒకరి మీద ఒకరు మాట్లాడుతుంటే చాచీ మళ్ళీ అందుకుంది.

“ఆగుండ్రి. చెప్పిన మాట తిరిగి చెప్పాలె గద. ఇన్నది ఎవరో వాళ్ళు చెప్పాలె.”

విన్నది వీరేందర్ సారు. పద్ధతి పద్ధతే. ఆయన హెల్మెట్ సర్దుకుని, సెట్టు నోటి దగ్గర పెట్టుకుని, బటను నొక్కాడు.

“బగారా, షేర్వా, సేమియా, ఫిర్ని, చేపల పులుసు” అన్నాడు.

మా ముందు నుంచి వెళ్తున్న డంపరు కొంచెం నెమ్మదించింది. పైనుంచి డ్రైవరు తల బయటపెట్టి సారును చూసి, మళ్ళీ లోపలికి తీసుకున్నాడు.

“సార్,” అంది సంపత్ గొంతు, “మీరు గూడ మా మెనూల చేరిండ్రా?”

సారు ఆపుకోలేక నవ్వాడు. నవ్వుతూ బటను వదలడం మరిచిపోయాడు. గని మొత్తం వింది.

“ఇయ్యాలనన్న చెప్పక్కా, నువ్వెవరు?” అన్నాడు సంపత్.

కిటికీలో చాచీ పక్కకు తిరిగింది. పక్కన చాచా ఏదో అన్నాడు. ఆయన ఏమన్నాడో దూరం నుంచి నాకు వినిపించలేదు, చెయ్యితో కానివ్వమన్నట్టు మాత్రం కనిపించింది.

“షహజాదీ బేగం. గులాం అలీ రిపేరు షాపు, గోదావరిఖని.”

పద్ధతి ప్రకారం సంపత్ ఆ మాటల్ని తిరిగి చెప్పాడు. “షహజాదీ బేగం. గులాం అలీ రిపేరు షాపు, గోదావరిఖని.” ఒక్కడు చెబితే సరిపోయేది. కానీ వెనక నుంచి ఇంకొకడు అందుకున్నాడు. తర్వాత ఇంకొకడు. మట్టి తోడే షావెల్ నడిపే ఆయన, రోడ్డు మీద నీళ్ళు చల్లే ట్యాంకరు ఆయన, మట్టి గుట్ట పైనున్న బుల్డోజరు ఆయన. నలభై గొంతులు ఒకదాని వెనక ఒకటి ఆమె పేరు చదివాయి. నా చెయ్యి దించడం నాకు గుర్తు రాలేదు.

మధ్యలో ఒక గొంతు “...హజాదీ బేగం” అంది.

“పదకొండో నంబరు,” అంది చాచీ వెంటనే, “నీ మైకుల దుమ్మున్నది. నా పేరు సగమే వస్తాంది. సాయంత్రం షాపుకు పంపియ్యి.”

“పదకొండు, మైకుల దుమ్ము, సాయంత్రం పంపిస్త” అని అతను తిరిగి చెప్పాడు.

టిఫిన్ డబ్బా నిజంగానే తెచ్చాం కాబట్టి అందరం అక్కడే తిన్నాం. అందులో బగారా లేదు, టమాట పప్పు ఉంది. భూపాల్ నిరాశపడ్డాడు.

రిపేరు పని షాపులోనే ఉండిపోయింది. ఐదింటి పరీక్ష కూడా. ఇప్పుడు అప్పుడప్పుడు పొద్దున కూడా ఆమెను అడిగి మాట్లాడిస్తున్నారు. చాచా బోర్డు మీద తన పేరు కింద ఇంకో పేరు రాయించాడు. పెయింటరు “ష” సరిగ్గా రాశాడా లేదా అని నన్ను పిలిచి మూడుసార్లు చూపించాడు.

పరదాతో ఇక పని లేదని చాచీ దాన్ని తీసి నా మిషను మీద వేసింది. దుమ్ము పట్టకుండా సెట్లకు సంచులు కుట్టమంది. పచ్చ పూల సంచులు నలభై అయ్యాయి. డంపర్లన్నింటిలో ఇప్పుడు అవే వేలాడుతున్నాయట. గుడ్డ ఇంకా కొంచెం మిగిలింది. అంతలో వీరేందర్ సారు కబురు పంపాడు, తన స్కానర్‌కు కూడా ఒకటి కావాలని. కుట్టనా అని చాచీని అడిగాను.

“కుట్టియ్యి బేటీ, ఆయన మనసెందుకు నొప్పియ్యాలె” అంది చాచీ. “ఖాళీ గదిల తలుపు మూసుకొని పాటలు ఇనేటందుకు మస్తుగుంటది.”